నాలుగో అతుకు

వీధి చివరి షెడ్డు ముందు రెండు మోటారు సైకిళ్ళూ నిలబడి ఉంటే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లోపల పనిలో ఉన్నట్టు. ఒకటే ఉంటే ఇద్దరిలో ఒకరు బయటికి వెళ్ళినట్టు. ఒక్కటీ లేకపోతే ఇద్దరూ కొండ దారి పట్టినట్టు. అంతేగానీ ఇద్దరూ ఒకే బండి మీద పోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. పెళ్ళయిన కొత్తలో వెనక కూర్చోమని అతను అడిగాడట. "నీ వీపు చూస్తూ కూర్చోడానికా నిన్ను చేసుకుంది?" అందట ఆమె. ఆ మాట చెప్పుకుని వీధిలో ఇప్పటికీ నవ్వుతారు.

ఆమెను అందరూ గీతలమ్మ అంటారు. బండి ట్యాంకుకి రంగు వేశాక అంచు వెంబడి సన్నగా ఒక గీత ఉంటుంది చూడండి, ఆ గీత ఆమె పని. కొలబద్ద పెట్టదు, టేపు అతికించదు. పొడుగు వెంట్రుకల కుంచెను రంగులో ముంచి, ఊపిరి బిగబట్టి, ట్యాంకు ముక్కు దగ్గర మొదలుపెట్టి సీటు దగ్గర ఆపుతుంది. మధ్యలో ఎవరైనా పలకరించారో, వాళ్ళ పని అయిపోయినట్టే. కోపం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది. గీత పూర్తయ్యేదాకా ఆ కోపాన్ని కూడా ఊపిరితో పాటు బిగబట్టి, ఆ తర్వాత వడ్డీతో సహా వదుల్తుంది.

అతను మెకానిక్. ఆమెకు మేనత్త కొడుకు, కాబట్టి పెళ్ళికి ముందూ బావే, పెళ్ళి తర్వాతా బావే. నోట్లో నాలుక లేని మనిషి. భార్యను 'ఇదిగో' అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు, ఆ 'ఇదిగో' కూడా అవసరం పడితేనే. ఇనుముతో మాత్రం ఎంతసేపైనా కాలక్షేపం చేస్తాడు. వంచుతాడు, కోస్తాడు, అతుకుతాడు. బండికి సరిపడేలా మనిషి ఒళ్ళు వంచుకోవడం ఏమిటి, బండే మనిషికి సరిపోవాలి అంటాడు. అతను రోజు మొత్తం మీద మాట్లాడే మాటల్లో సగం ఇవే.

ఇద్దరికీ బండ్లంటే పిచ్చి. ఆ పిచ్చికి వాళ్ళు పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ఎవరి బండి మీద వాళ్ళు చెయ్యి వెయ్యకూడదు. ఆమె బండికి ఏ మార్పైనా అతనే చెయ్యాలి, అతని బండికి ఆమే చెయ్యాలి. మనం కూర్చునే తీరు మనకు కనపడదు కదా, వెనక వచ్చేవాళ్ళకే కనపడుతుంది. అందుకని కొండ దారిలో ఆమె ముందు, అతను వెనక. ఆమె మోకాలు ఎక్కడ వంగుతోంది, మలుపులో ఏ భుజం ముందుకొస్తోంది, నడుము ఎక్కడ పట్టేస్తోంది, అన్నీ కళ్ళల్లో వత్తులేసుకుని చూసుకుంటూ వస్తాడు. తర్వాత ఆమె గీతల పనిలో మునిగి ఉన్నప్పుడు చూసి, చెయ్యాల్సింది చేసేస్తాడు. చేసింది చెప్పకూడదు. "కనుక్కో" అనాలి, అంతే. నడిపి చూసి, ఏం మారిందో అవతలివాళ్ళు కనిపెట్టాలి.

ఈ ఆటలో ఆమెది పాడు తెలివి. కాలు పెట్టుకునే కడ్డీని వేలెడు వెనక్కి జరిపితే, వీధి మలుపు తిరగకముందే అరిచి చెప్పేసింది. సీటులోంచి ఇంత స్పాంజి ముక్క తీసేస్తే ఎక్కి కూర్చుంటూనే పసిగట్టింది. అతని సంగతి వేరు. అతని బండి వెనక మడ్‌గార్డు లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట, ఆమె పసుపు రంగుతో గీత గీసి పక్కన 'ముందు బురద కడుక్కో' అని రాసిపెట్టింది. చక్రం ఊడదీసిన రోజున గానీ అతనికి అది కనపడలేదు, అప్పటికి ఏడాది దాటిపోయింది. ఎప్పుడూ ఓడిపోయేది అతనే. ఆమె ఒక్కసారి కూడా ఓడలేదు. ఆ గొప్ప నలుగురిలో చెప్పుకోకుండా ఉండనూ లేదు.

ఒక ఏడాది వానలకు ముందు నుంచి ఆమెకు చేతుల దగ్గర చిన్నచిన్న చిరాకులు మొదలయ్యాయి. పొద్దున్నే లేచేసరికి ఎడమ చేతి వేళ్ళు తిమ్మిరెక్కి ఉండేవి. చెయ్యి కింద వేసుకుని పడుకున్నానేమోలే అనుకుంది. ఒకటి రెండుసార్లు కుంచె జారింది. కుంచెలు చేసేవాళ్ళను తిట్టింది. బండి గేరు వేస్తుంటే కర్రుమంటోంది. మొగుణ్ణి తిట్టింది. ఆయిలు పాతబడింది, మారుస్తాలే అన్నాడు అతను, తల పైకెత్తకుండానే.

ఇక ఇంట్లో మూతల గొడవ. పంచదార డబ్బాకి చీమలు పట్టాయి. కాఫీ పొడి గడ్డ కట్టింది. నూనె సీసా పట్టుకుంటే మూత ఆమె చేతికొచ్చి సీసా నేల మీద పడింది. ఇంజనులో నట్లన్నీ బిగించే మనిషికి వంటింట్లో ఒక్క మూత బిగించడం చేతకాదా అని ఆమె రోజూ నెత్తీ నోరూ కొట్టుకునేది. ఇంతోటి మెకానిక్కి బండి ఎవరిస్తున్నారో వాళ్ళని అనాలి అనేది. అతను చెవుల్లో దూది పెట్టుకున్నవాడిలా అన్నీ పడేవాడు. మర్నాడు చూస్తే మళ్ళీ ఏ మూతా బిగించి ఉండేది కాదు. ఇది మొండితనమో మతిమరుపో తేల్చుకోలేక ఆమె తల పట్టుకునేది.

అలా ఏడాది గడిచింది. మళ్ళీ వానలొచ్చాయి.

ఆ మధ్యాహ్నం అతను లేతు మిషను వాళ్ళ దగ్గరికి ఏదో సామాను కోసం వెళ్ళాడు. షెడ్డు ముందు పోస్టాఫీసు పిల్ల బండి ఉంది. ఆ పిల్ల పోస్టాఫీసులో కిటికీ దగ్గర కూర్చుంటుంది, మనిషి అగరొత్తిలా ఉంటుంది, బండేమో గీతలమ్మ బండి లాంటిదే, అదే కంపెనీ, అదే పాత రకం. ట్యాంకుకి రంగేసి, పొద్దున్నే గీత గీసి, ఆరడానికి బయట పెట్టారు. వాన చినుకు మొదలయ్యేసరికి, రంగు పాడైపోతుందని గీతలమ్మ పరుగున వచ్చి బండి ఎక్కింది. గుమ్మం దగ్గర వాలుగా వేసిన చెక్క మీద నుంచి లోపలికి ఎక్కించాలంటే ఇంజను ఆడించాల్సిందే. కిక్కు కొట్టింది. క్లచ్చు పట్టుకుంది. గేరు వేసింది.

క్లచ్చు సగమే వచ్చింది. బండి ఒక్క గెంతు గెంతి షెడ్డు తలుపు స్తంభానికి కొట్టుకుంది. ఆమెకు దెబ్బ తగల్లేదు గానీ ట్యాంకు సొట్ట పోయింది. పొద్దున గీసిన గీత ఆ సొట్ట మధ్యలో రెండుగా చీలింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. క్లచ్చు కాదది, రోకలి, ఇలాంటి బండిని ఈ పిల్ల ఇన్నాళ్ళూ ఎలా నడిపిందిరా దేవుడా అనుకుంది.

పోస్టాఫీసు పిల్ల గొడుగేసుకుని రానే వచ్చింది. తన బండి అవతారం చూసి నోరు తెరిచింది. నీ కేబులు ఎండిపోయి రాయిలా బిగుసుకుపోయింది, దాన్ని పట్టుకుని ఊరేగుతున్నావా, పడి కాలు విరగ్గొట్టుకుంటే ఎవరిది పూచీ అని గీతలమ్మ ఆమె మీదికే లేచింది. ఆ పిల్ల గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండంటే రెండు వేళ్ళతో క్లచ్చు లాగి చూసింది. అది హాయిగా చివరిదాకా వచ్చింది.

"బానే ఉందే అక్కా," అంది. "ఎప్పటిలాగే ఉంది."

గీతలమ్మ ఆ పిల్లను పక్కకు జరిపి మళ్ళీ లాగింది. నాలుగు వేళ్ళూ వేసి, పళ్ళు బిగించి లాగింది. సగం దగ్గరే ఆగిపోయింది. వేళ్ళు తనవి కానట్టు వణికాయి. కుడి చెయ్యి అటు వేసి లాగింది, కష్టం మీద వచ్చింది. మళ్ళీ ఎడమ చెయ్యి వేసింది, రాలేదు. ట్యాంకు మళ్ళీ చేసి ఇస్తాను, వారం ఆగి రా అని చెప్పి ఆ పిల్లను పంపేసింది.

తన బండి దగ్గరికి వెళ్ళింది. ఎడమ చేత్తో క్లచ్చు లాగింది. వెన్నలోకి వేలు దిగినట్టు వచ్చింది.

స్టూలు తెచ్చుకుని ఇంజను ముందు కూర్చుంది. తన బండి మీద తాను చెయ్యి వెయ్యకూడదన్న పద్ధతిని ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ దాటలేదు. ఆ రోజు కూడా చెయ్యి వెయ్యలేదు, చూసింది. ఇంజను పక్కన, క్లచ్చు కేబులు కొసను పట్టుకుని కదిలే చిన్న ఇనుప ముక్క ఒకటుంటుంది. షెడ్డులో వాళ్ళిద్దరూ దాన్ని 'చెయ్యి' అంటారు. ఆ చెయ్యి ఎంత పొడుగైతే క్లచ్చు లాగడం అంత తేలిక. మరీ పొడుగైతే క్లచ్చు పూర్తిగా విడవక, గేరు వేసినప్పుడల్లా కర్రుమంటుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు చూపుడువేలంత ఉండాల్సిన ఆ చెయ్యి ఇప్పుడు ఆమె అరచేతికి మించి ఉంది.

దాని మీద మూడు అతుకులున్నాయి. వెల్డింగు ఎవరిదో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు, మొగుడి అతుకు ఆమెకు మొగుడి దస్తూరీ లాంటిది. మొదటి అతుకు మీద తుప్పూ ఆయిలూ పట్టి నల్లబడి ఉంది. రెండోది మసకబారింది. మూడోదాని చుట్టూ వేడికి వచ్చిన నీలం రంగు ఇంకా పోలేదు. అంటే ఒక్కసారిగా చేసింది కాదు. ఆమె చేతిలో బలం తగ్గినప్పుడల్లా బండి చెయ్యి ఇంత పెరుగుతూ వచ్చింది. రెండూ సమానంగా నడిచాయి గనక క్లచ్చు ఆమెకు ఎప్పుడూ ఒకేలా అనిపించింది. ఏమీ మారలేదనుకుంది. ఏమీ మారనట్టు అనిపించడమే అతను చేసిన మార్పు. ఆటలో ఆమె మొదటిసారి ఓడిపోయింది.

అతను తడిసి ముద్దై వచ్చాడు. సొట్టపోయిన ట్యాంకునూ, ఇంజను ముందు స్టూలు మీద కూర్చున్న భార్యనూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎప్పట్నించి?" అంది ఆమె.

ఏది అని అతను అడగలేదు. "పోయినేడు వానల ముందు. కొండ దిగేటప్పుడు నువ్వు చెయ్యి విదిలించుకుంటూ వచ్చావు."

"నాతో చెప్పొచ్చుగా?"

"అడిగా ఒకసారి, చెయ్యేమైనా నొప్పిగా ఉందా అని. నా చేతికేం, నీ నోటికే జబ్బు అన్నావు."

అన్న మాట ఆమెకు గుర్తుంది. ఆ రోజు తన పరిహాసానికి తనే నవ్వుకోవడం కూడా గుర్తుంది. ఆ ఒక్క మాటతో నోరు మూసుకుంటావా అని అడిగింది. అతను నీళ్ళు నమిలాడు. పని ఎక్కువై చెయ్యి అలిసిందేమో, తగ్గిపోతుందిలే అనుకున్నానన్నాడు. తగ్గలేదు. రెండోసారి పొడుగు చేశాక చెప్పాలనుకున్నాడట. ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడోసారి కూడా చేశాడట.

"గీత గీసే చేతులు నీవి," అన్నాడు చివరికి. "వాటిల్లో బలం పోతోందని నా నోటితో ఎలా చెప్పను?"

"గేరు కర్రుమంటే ఆయిలు అన్నావు కదా. అది ఎలా చెప్పావు?"

అతను తడి బట్టల్లోంచి నీళ్ళు కారుతుంటే అలాగే నిలబడ్డాడు. గీతలమ్మకు మాటలు దొరక్కపోవడం ఆ షెడ్డులో అదే మొదలు.

ఆస్పత్రికి వెళ్ళారు, ఎవరి బండి మీద వాళ్ళు కాదు, బస్సులో. డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. చేతులు చాపమంది, గుప్పిట మూసి తెరవమంది, గీత మీద నడిచినట్టు అడుగులో అడుగు వేసి నడవమంది. ఆమె నడక కూడా కాస్త తూలింది. అది ఆమెకూ కొత్తే. తర్వాత డాక్టరమ్మ ఇంటి పనుల గురించి అడగడం మొదలుపెట్టింది. తాళం చెవి తిప్పడం కష్టంగా ఉంటోందా అంది. లేదండీ, మొన్నే మా ఆయన తాళానికి నూనె వేశాడు, దానంతటదే తిరుగుతుంది అంది గీతలమ్మ. కుళాయి కట్టేయడం? అదీ మార్చాడండీ, ఇప్పుడు మీట నొక్కితే చాలు. డబ్బాల మూతలు?

గీతలమ్మకు నవ్వొచ్చింది. "మా ఇంట్లో బిగించిన మూత ఉంటే కదండీ! ఈ మనిషి ఏ మూతా..."

అక్కడ ఆగిపోయింది. తల తిప్పి మొగుడి వైపు చూసింది. అతను గోడ మీద వేలాడుతున్న ఎముకల బొమ్మ వైపు చూస్తున్నాడు. డాక్టరమ్మ ఆ ప్రశ్న వదిలేసి ఇంకోటి అడిగింది. ఆ తర్వాత అడిగినవేవీ గీతలమ్మ చెవికెక్కలేదు.

ఫోటోలు తీశాక సంగతి తేలింది. మెడలో ఎముకలు అరిగి, లోపల వెన్నుపాము మీద ఒత్తుతున్నాయి. చేతుల్లోకి వెళ్ళే బలం అక్కడే నలిగిపోతోంది. ఆపరేషను చెయ్యాల్సిందే, చేస్తే ఇకముందు పోకుండా ఆగుతుంది, పోయింది మాత్రం తిరిగి వస్తుందని చెప్పలేను అంది డాక్టరమ్మ. ఇలాంటివి నెమ్మదిగా ముదురుతాయి, ఏడాది కిందట వచ్చి ఉంటే చాలా మిగిలేది, చాలామందికి చేతిలో వస్తువులు పట్టు తప్పుతుంటే అనుమానం వచ్చి ముందే వస్తారు, మీకు తెలియలేదా అని అడిగింది.

"ఆవిడకి తెలిసుంటే వచ్చేదండీ," అన్నాడు అతను. "తెలీకుండా నేనే చేశా."

డాక్టరమ్మకు అది అర్థం కాలేదు. గీతలమ్మకు అర్థమైంది. ఆమె చెయ్యి ఒళ్ళో ఉంది, అతని చెయ్యి దాని పక్కనే కుర్చీ అంచు మీద ఉంది. ఇంకో రోజైతే పట్టుకునేదే.

ఆపరేషను బాగానే జరిగింది. మెడకు పట్టీతో ఇంటికొచ్చింది. అతను అన్నం కలిపి పెట్టాడు, జుట్టు దువ్వాడు, చిక్కు తీసేటప్పుడు ఆమె మెడ కదలకుండా దువ్వెన పట్టుకునే ఉపాయం కనిపెట్టాడు. ఆమె అతనితో కావలసినంతే మాట్లాడింది. ఇంటికొచ్చిన మొదటి రోజే రెండు మాటలు గట్టిగా చెప్పింది. నా బండి కంపెనీ వాడు ఎలా ఇచ్చాడో అలా చెయ్యి. ఇంట్లో ప్రతి మూతా బిగించు. అతను రెండూ చేశాడు. పాత చేతిని పారెయ్యలేక షెడ్డులో బల్ల కింద పెట్టుకున్నాడు.

బండి నడపకూడదంది గానీ ఎక్కి కూర్చోవద్దని డాక్టరమ్మ అనలేదుగా! మెడ పట్టీ తీసేశాక, రోజూ పొద్దున్నే గీతలమ్మ స్టాండు వేసి ఉన్న తన బండి ఎక్కి క్లచ్చు లాగేది. ఆపరేషను దాకా గడిచిన రోజుల్లో ఇంకాస్త బలం పోయింది, మొదట పావు వంతే వచ్చేది. తర్వాత కూడా అంతే వచ్చింది. ఒక రోజు పావు కంటే కాస్త ఎక్కువ వచ్చిందనుకుని లోపల్లోపల పండగ చేసుకుంది, మర్నాటికి మళ్ళీ పావుకొచ్చింది. చలి వెళ్ళిపోయి ఎండలు వచ్చేశాయి. అతను రోజూ దూరంగా నిలబడి, ఏదో తుడుస్తున్నట్టు నటిస్తూ చూసేవాడు. అడిగేవాడు కాదు.

కుడి చెయ్యి కొంత నయం. కుంచె పట్టుకోగలిగింది. వారమన్నది నెలలు పట్టినా ఓపిక పట్టిన పోస్టాఫీసు పిల్ల ట్యాంకు సొట్ట తీసి, రంగు వేసి అతను సిద్ధంగా ఉంచాడు. ఆమె ఊపిరి బిగబట్టి గీత మొదలుపెట్టింది. ట్యాంకు నడుము దాకా కూడా రాకముందే గీత వణికింది, తడి నేల మీద వానపాము పాకినట్టు వంకర్లు పోయింది. గుడ్డతో తుడిచేసి మళ్ళీ గీసింది. మళ్ళీ తుడిచింది. ఎన్నిసార్లు తుడిచిందో, కింది రంగు కూడా లేచిపోయింది. పోస్టాఫీసు పిల్ల వచ్చి, గీత లేకుండానే తీసుకెళ్తానక్కా, నువ్వు గీసేదాకా ఇంకెవరి చేతా గీయించను అంది. మంచి పిల్ల. ఆ మంచితనమే ఆ పూట గీతలమ్మకు మింగుడు పడలేదు. ఆ పిల్ల మలుపు తిరిగిపోయేదాకా నవ్వుతూ నిలబడి, లోపలికొచ్చి కుంచెలన్నీ కడిగి కట్ట కట్టేసింది.

ఆ మర్నాడు అతను షెడ్డులో ఉండగా ఆమెకు టీ తాగాలనిపించింది. పంచదార డబ్బా తీసింది. మూత బిగించి ఉంది, ఆమె చెప్పినట్టే. లాగింది, తిప్పింది. గుడ్డ పట్టి తిప్పింది. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని రెండు చేతులూ వేసి తిప్పింది. గరిటె కాడతో అంచు మీద కొట్టింది. పొయ్యి మీద నీళ్ళు మరిగి ఇగిరిపోతున్నాయి. పొయ్యి ఆపేసి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది.

ఏడాది పాటు తాను తిట్టిన తిట్లన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. చీమలకూ, గడ్డకట్టిన కాఫీ పొడికీ, పగిలిన సీసాకూ అతన్ని ఎన్ని మాటలంది! అతను పడ్డాడు. పడి, మళ్ళీ వంటింట్లోకి వచ్చి ఒక్కొక్క మూతా వదులు చేసి వెళ్ళాడు. ఒక్కసారి నోరు విప్పి ఉంటే ఆ తిట్లూ తప్పేవి, తన చెయ్యీ మిగిలేది. అది ప్రేమేనని ఆమెకు తెలుసు. ఆ ప్రేమే తన చేతిని తినేసిందనీ తెలుసు. పోనీ తనైనా ఒకసారి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి బావా అని చెప్పిందా? చెప్పలేదు. కుంచెల్ని తిట్టింది. ఇద్దరూ ఒకరి బండి గురించి ఒకరు అంతా ఎరిగినవాళ్ళు, ఒకరి ముందు ఒకరు నోరు విప్పలేకపోయారు. ఎవరిని తిట్టాలో తెలియక ఆమె డబ్బాను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, డబ్బా తీసుకుని షెడ్డుకి వెళ్ళింది.

అతను పని ఆపి లేచాడు. ఆమె డబ్బా అందించి మూత తియ్యమంది. అతను ఒక్క తిప్పుతో తీశాడు. తీసి, మళ్ళీ ఎలా పెట్టాలో తెలియనట్టు మూత ఒక చేతిలో, డబ్బా ఒక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"వదులుగా పెట్టు," అంది ఆమె. "చీమలు పడితే పట్టాయి. ఆ పాత చెయ్యి ఎక్కడుంది?"

అతను బల్ల కింద నుంచి తీసి చూపించాడు. మూడు అతుకులతో అది ఆమె అరచేతిలో బరువుగా ఉంది. ఇప్పుడు ఇది కూడా నాకు చాలదు కదా బావా అని అడిగింది. అతను ఆమె వేళ్ళ వైపు చూసి, చాలదు అన్నాడు.

"అయితే ఇంకో అతుకు వెయ్యి. ఈసారి నేను చూస్తుండగా."

ఇదే ఆఖరుది అవుతుందని అతను చెప్పాడు. ఇంతకు మించి పొడుగు చేస్తే క్లచ్చు అసలు విడవదు, ఇంకో దారి ఉండదు అన్నాడు. తర్వాత చెయ్యి ఇంకా తగ్గితే ఏం చెయ్యాలో తెలియదన్నాడు. ఇన్ని మాటలు ఒక్కసారిగా అతను మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. తర్వాత సంగతి తర్వాత, ఆ తెలియదన్న మాట మాత్రం నాతోనే చెప్పు, ఇనుముతో చెప్పకు అంది.

అతను ఇనుప ముక్క కోసి ఇచ్చాడు. పట్టకారుతో దాన్ని ఆమే పట్టుకుంటానంది. పట్టుకుంది, చెయ్యి వణికింది. అతను తన ఎడమ చేతిని ఆమె చేతి మీద వేసి అదిమి పట్టాడు. ఇద్దరూ ముసుగులు దించుకున్నారు. నీలం మంట లేచింది, చిటపటమని రవ్వలు పడ్డాయి, ముక్కకు ముక్క అతుక్కుంది. మంట ఆగింది. ఆమె ముసుగు పైకెత్తింది. అతను ఎత్తలేదు. పని అయిపోయినా తల వంచుకుని అలాగే కూర్చున్నాడు.

"ముసుగు తియ్యి బావా," అంది ఆమె.

తీశాడు. మొహమంతా తడిసి ఉంది.

"చెమటా?"

"కాదు," అన్నాడు.

ఆమె కొంగుతో అతని మొహం తుడిచింది. ఎడమ చేత్తోనే తుడిచింది, సరిగ్గా తుడవలేకపోయింది, అతను కదలకుండా తుడిపించుకున్నాడు. ఇనుము చల్లారాక ఆ చేతిని బండికి బిగించి, కేబులు తగిలించాడు. ఆమె ఎక్కి కూర్చుని, వేళ్ళను ఒక్కొక్కటిగా క్లచ్చు మీద సర్దుకుని లాగింది. చివరిదాకా వచ్చింది.

"ఎలా ఉంది?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో అతను ఆ మాట అడగలేదు, ఎప్పుడూ 'కనుక్కో' అనేవాడు.

"పసిపిల్లయినా లాగేస్తుంది బావా," అంది గీతలమ్మ. అని, క్లచ్చు వదలకుండా అలాగే పట్టుకుని ఏడ్చింది.